జోలతీగ కషాయం

సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. మేఘాలను తలపాగాగా చుట్టుకుని, జలపాతాలను జంధ్యాలుగా వేలాడదీసుకుని, అడుగడుగునా ఔషధాల వాసనలు విరజిమ్ముతూ తామ్రకూట పర్వతం ధగధగ మెరుస్తోంది. ఆ పర్వతం నడుము దగ్గర, ఏడు తాటిచెట్ల లోతున్న లోయ మీద, ఒక అడవితీగ పట్టుకుని వేలాడుతూ మాచన నోటికొచ్చిన తిట్లన్నీ తిడుతున్నాడు. పాపం, కొండ ఏ తప్పూ చేయలేదు. ఆ తిట్లన్నీ రాజుగారి బిరుదులకి.

"శ్రీమన్మహారాజ, తామ్రకూటాధీశ్వర, శత్రుకంఠకుఠార, మత్తగజమర్దన, సప్తసాగర... సప్త... ఆఁ..."

మళ్లీ ఆవలింత. మళ్లీ మొదటికొచ్చింది వ్యవహారం.

జోలతీగ సంగతి తెలియనివారికి ఇది వెర్రితనంగా తోచవచ్చు. ఆ తీగ చరియల పగుళ్లలో పుడుతుంది. మిట్టమధ్యాహ్నం దాని నీలిపువ్వులు విచ్చుకుంటే ఆ వాసనకి పెద్దపులి కూడా ముడుచుకుని పడుకుంటుంది. దిగులుకీ నిద్రలేమికీ అంతకు మించిన మందు లేదు. కానీ మూలికలు తీసేవాళ్లకి ఒక కట్టుబాటుంది. తెంపే ముందు ఎవరికోసం తెంపుతున్నారో తీగకి చెప్పాలి. తాత పేరు, తండ్రి పేరు, జన్మనక్షత్రం, సొంతపేరు, బిరుదులుంటే బిరుదులు, అన్నీ తడబడకుండా చెప్పాలి. చెప్పాక అది ఆ ఒక్కరికే మందు. మరొకరు తాగితే మంచినీళ్లతో సమానం. మధ్యలో తడబడితే మళ్లీ మొదటినుంచి చెప్పాలి.

చండవిక్రమ మహారాజుకి బిరుదులు ముప్పై రెండు. ఊళ్లో దండోరా వేసేవాళ్లు రోజూ అరుస్తుంటే మాచనకి అవి కంఠతా వచ్చాయి. కానీ నేలమీద నిలబడి చెప్పడం వేరు, నిద్రపుచ్చే పువ్వు ముక్కుకి జానెడు దూరంలో ఉండగా చెప్పడం వేరు.

"ఇద్దరు మనుషులకి సరిపోయే బిరుదులు పెట్టుకుని ఒక్కడివే మోస్తున్నావు, నీకు నిద్రెలా పడుతుందయ్యా!" అని రాజుని ఇంకో తిట్టు తిట్టి, మాచన మిరియాల సంచిలోంచి పిడికెడు మిరియాలు నోట్లో పోసుకుని నమిలాడు. కళ్లలోంచి నీళ్లు కారాయి. చేతులు జారుతున్నాయి. సూర్యాస్తమయానికి ఇంక రెండు జాములే గడువు. ఆ గడువు దాటితే అతన్ని పెంచిన పేరిందవ్వ ప్రాణం ఏనుగు కాలికింద పోతుంది.

జరిగిందిది. ఇరవయ్యొక్క రోజులుగా రాజుగారికి కంటిమీద కునుకు లేదు. ముఖంలో ఉత్సాహం లేదు. రాణివాసం వైపు వెళ్లడు, సేనానితో మాట్లాడడు, అన్నం పళ్లెం ముందు కూర్చుని గోడను చూస్తాడు. తనను నిద్రపుచ్చినవారికి కోరిన కోరిక తీరుస్తానని చాటించాడు గానీ, దానికో మెలిక పెట్టాడు. మందు చేసినవాడు ముందుగా సభలో సగం తాగి చూపించాలట. తామ్రకూటంలో తాతలనాటి శాసనం ఇంకోటుంది: రాజు మేలుకొని ఉండగా ఎదుట నిద్రపోయినవాడు రాజద్రోహి.

ఇంకేముంది! వచ్చిన వైద్యుడు వచ్చినట్టే సగం మందు తాగడం, రాజు తన వంతు తాగకముందే సభలో గుర్రు పెట్టడం, కారాగారంలో కళ్లు తెరవడం. ఇరవైమంది అలాగే పోయారు. ఇరవయ్యొకటో మనిషి పేరిందవ్వ. జటామాంసి, జాజికాయ, గసగసాలు, పెన్నేరు గడ్డ పాలలో కాచి తీసుకెళ్లింది. ఎనభై ఏళ్ల ముసలి ప్రాణం, గిన్నె దించకముందే తల వాల్చేసింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. ముందుగా ఆమెనే అమావాస్యనాటి సాయంత్రం ఏనుగుతో తొక్కించమన్నాడు రాజు. ఆ అమావాస్య ఈ రోజే.

"జోలతీగ తేరా," అంది అవ్వ నిన్న కారాగారం కిటికీలోంచి. "రాజు పేరు చెప్పి తెంపితే సగం కాదు, కుండెడు తాగినా నీకు నిద్రరాదు. రాజుకొస్తుంది. నాకు ముందే తట్టలేదు చూడు, గాడిదని!"

ఆ మాట తలుచుకోగానే మాచనకి గుండె మండింది. మిరియాల ఘాటు, కడుపులో మంట, రెండూ కలిసి నెత్తికెక్కాయి. ఈసారి ఆగలేదు.

"అగ్నివిక్రముడి మనవడు, భీమవిక్రముడి కొడుకు, మఖా నక్షత్ర జాతకుడు, శ్రీమన్మహారాజ, తామ్రకూటాధీశ్వర..." అంటూ మొదలుపెట్టి, ముప్పై రెండో బిరుదు దాకా అరిచి, "చండవిక్రముడి కోసం తీస్తున్నాను తల్లీ, అనుగ్రహించు!" అని వేరుని పట్టి లాగాడు.

మూడు జానల వేరు ఊడి చేతికొచ్చింది. దాంతోపాటు అతను పట్టుకున్న అడవితీగ కూడా ఊడి వచ్చింది.

మాచన దొర్లుకుంటూ, పొదల్ని పట్టుకుంటూ, ముళ్లు గీరుకుంటూ కొండ దిగువన పడ్డాడు. ఎముకలు విరగలేదు, అదే పదివేలు. లేచి చూస్తే, తను ఎక్కొచ్చి కట్టేసిన గుర్రం పూల వాసనకి నాలుగు కాళ్లూ చాపి నిద్రపోతోంది. జూలు పట్టి లాగాడు. చెవిలో అరిచాడు. అది ఒక కన్ను తెరిచి, ఇతనెవరో పరాయివాడన్నట్టు చూసి, మళ్లీ మూసుకుంది.

"పడుకో! రాజ్యంలో నిద్ర అవసరం లేనివాళ్లందరికీ నిద్రే!" అని దాన్ని వదిలేసి పరుగెత్తాడు.

అడవి చివర ఎర్రనది అడ్డొచ్చింది. సగం ఈదాడో లేదో, దుంగ అనుకున్నది నోరు తెరిచింది. మొసలి! మాచన ఏమాత్రం బెదరలేదు. చేతిలో జోలతీగ ఉండగా భయమెందుకు? వేరుని దాని ముక్కు దగ్గర పెట్టి, "జో జో" అన్నాడు. మొసలి ఇంకాస్త వెడల్పుగా నోరు తెరిచింది. అప్పుడు గుర్తొచ్చింది, ఈ తీగ ఇప్పుడు చండవిక్రముడికి తప్ప ఎవరికీ పనిచేయదని. "ఛీ, నా బుద్ధి కాల!" అంటూ మిరియాలని సంచితో సహా ఆ నోట్లో కుక్కాడు. మొసలి నీళ్లు అదిరేలా తుమ్మింది. ఆ తుమ్ముకి లేచిన కెరటమే అతన్ని ఒడ్డున పడేసింది.

కోట ద్వారం దగ్గరికొచ్చేసరికి ఎండ పసుపుపచ్చగా మారింది. ద్వారపాలకుడు ఈటె అడ్డం పెట్టాడు.

"ఎవరు? ఏం పని?"

"రాజుగారికి నిద్రమందు తెచ్చాను. దారి వదులు."

ద్వారపాలకుడి ముఖం వికసించింది. "నిద్రమందా! ఎందుకయ్యా ఈ వేర్లూ గీర్లూ? మా అత్తగారు అరికాళ్లకి ఆవునెయ్యి రాస్తుంది. అంతే, తెల్లారేదాకా లేవదు."

"నెయ్యి కాదురా," అన్నాడు రెండో కాపలావాడు. "సరస్వతి ఆకు నూరి మాడుకి పట్టించాలి. మా బావమరిది మనసు బాగోలేక ఆర్నెల్లు మూలన కూర్చుంటే దీంతోనే లేచాడు."

"లేచి ఏం చేశాడు? నీ దగ్గరికొచ్చి తింటున్నాడు."

"నీ అత్త సంగతి నేనెత్తానా?"

ఇద్దరూ వాదులాటకి దిగారు. మాచన ఒకసారి సూర్యుణ్ని చూశాడు, ఒకసారి ఈటెను చూశాడు. జబ్బు ఒకరికైతే వైద్యం ఊరందరికీ తెలుసు. పళ్లు నూరుకుంటూ వంగి, ఈటె కిందనుంచి దూరి లోపలికి పరుగు తీశాడు.

కషాయం కాచడానికి పొయ్యి కావాలి. కోటలో అతనికి తెలిసిన పొయ్యి ఒక్కటే, గజశాలలో మావటి పోలయ్య ఏనుగుకి ఉలవలు ఉడకబెట్టే పొయ్యి.

"నువ్వా మందులయ్యా! రా, రా," అంటూ పోలయ్య ఎదురొచ్చాడు. ముసలివాడి కళ్లు వాచి ఉన్నాయి. "నిన్న అడిగాను గదా, నా నల్లన్నకి ఏమన్నా తెచ్చావా? అడివిలోంచి పట్టుకొచ్చి నాకప్పజెప్పి ఇయ్యాల్టికి ఇరవయ్యొక్క రోజులు. పడుకోదు. మేత ముట్టదు. కళ్లెంట ఒకటే నీళ్లు. ఇయ్యాల దీనిచేత అవ్వని తొక్కించమంటున్నారు. ఈ పాపం నేనెట్టా మొయ్యాల?"

గోడపక్కన నల్లకొండలాంటి ఏనుగు తొండం నేలకి వేలాడేసి నిలబడి ఉంది. రాజరికం వెలగబెట్టవలసిన జంతువు ముఖంలో అంత దిగులు మాచన ఎన్నడూ చూడలేదు.

"ఇది రాజుగారి పేరుమీద తెంపింది, పోలయ్యా. దీనికి పనిచేయదు. పక్కకి జరుగు, పొద్దు వాలుతోంది!"

వేలెడు వేరుముక్కకి ఒక పూట నిద్ర అని లెక్క. మాచన ఆ కసిలో లెక్కలు చూసుకోలేదు. బిరుదుల మీది కోపం, గుర్రం మీది కోపం, మొసలి మీది కోపం అంతా రోకలికి ఎక్కించి మూడు జానల వేరునీ మెత్తగా దంచేశాడు. కుండలో పోసి, నాలుగు వంతులు ఒక వంతయ్యేదాకా మరిగించాడు. ఆ వాసనకి ఏనుగు ఉన్నట్టుండి తలెత్తింది. తొండం చాపి కుండని తడిమింది.

"నీక్కాదురా!" అని మాచన దాని తొండం మీద ఒక్కటిచ్చి, కుండ పట్టుకుని పరుగెత్తాడు.

కోట నడుమ విశాలమైన మైదానం. చుట్టూ చిత్రవర్ణపతాకలు, ముత్యాల జాలరులు వేలాడే చలువపందిళ్లు, బంగారుకట్టు వెండిఢాలులు పట్టిన భటులు. నవరత్నాలు పొదిగిన సింహాసనం మీద చండవిక్రమ మహారాజు, పక్కన మహామంత్రి విశాఖవర్మ. మైదానం మధ్యలో బండరాయికి గొలుసులతో కట్టేసిన పేరిందవ్వ, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని తనవాడి కోసం వెతుక్కుంటోంది.

"ఆగండి!" అంటూ మాచన కుండతో వచ్చి పడ్డాడు. "మహారాజా, మందు తెచ్చాను. ఇది తాగి తమరు నిద్రపోతే మా అవ్వని విడిచిపెట్టండి. నాకింకేమీ అక్కర్లేదు."

రాజు విసుగ్గా చెయ్యూపాడు. "నియమం తెలుసుగా? ముందు నువ్వు తాగు."

విశాఖవర్మ రెండు గిన్నెల్లో సమంగా పోయించాడు. కుండలో ఇంకా మూడు దోసిళ్ల మందు మిగిలింది. మాచన తన గిన్నె గటగటా తాగేశాడు. సభంతా అతను ఎప్పుడు పడిపోతాడా అని చూసింది. పదిమంది భటులు మోయడానికి సిద్ధంగా నిలబడ్డారు. మాచన నిలబడే ఉన్నాడు. కళ్లు తెరుచుకునే ఉన్నాయి.

"నాకేం కాలేదు మహామంత్రీ. ఇక ఏలినవారి వంతు."

రాజు ముఖంలో రంగు మారింది. గిన్నె అందుకున్నాడు గానీ నోటిదాకా తీసుకెళ్లలేదు. "తర్వాత తాగుతాను," అన్నాడు.

"ప్రభూ, ఇరవయ్యొక్క రోజుల్లో తొలిసారిగా ఒక వైద్యుడు నిలబడ్డాడు," అన్నాడు విశాఖవర్మ చేతులు జోడించి. "సభ చూస్తోంది. తాగండి."

నిద్రకోసం మొహంవాచిన మనిషి నిద్రమందుకి ఎందుకు భయపడుతున్నాడు? మాచనకి అంతుపట్టలేదు. రాజు సింహాసనం చేతిని గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని తాగాడు. క్షణం, రెండు క్షణాలు, పది క్షణాలు. రాజు ఒక కన్ను తెరిచాడు. రెండోదీ తెరిచాడు. పెదవులమీద నెమ్మదిగా నవ్వు మొలిచి, అది పెద్ద వికటాట్టహాసమయింది.

"నిద్రలేదు! కునుకైనా లేదు! వీడూ మోసగాడే. వీణ్ని అవ్వ పక్కన కట్టేయండి. ఏనుగుని తీసుకురండి!"

మాచన ఖాళీ గిన్నెని నేలకేసి కొట్టాడు. ఏడుపొచ్చింది. ఏడుపుకన్నా ఎక్కువగా కోపమొచ్చింది. కొండెక్కాడు, పడ్డాడు, మొసలినోట్లో చెయ్యిపెట్టాడు. చివరికి మంచినీళ్లు కాచి తెచ్చినట్టయింది.

"ఒరే, పేరు సరిగ్గా చెప్పావట్రా?" అంది అవ్వ, అతన్ని పక్కన కట్టేస్తుంటే.

"చెప్పానే! తాత పేరు దగ్గర్నుంచి ముప్పై రెండో బిరుదు దాకా చెప్పాను!"

"తడబడలేదు గదా?"

"నాలుగుసార్లు తడబడ్డాను, అయిదోసారి తిన్నగా చెప్పాను. నన్నేం చెయ్యమంటావే?"

అవ్వ సింహాసనం వైపు చూసింది. కళ్లు చిట్లించి చాలాసేపు చూసింది. "తీగ అబద్ధమాడదురా మాచనా," అంది గొంతు తగ్గించి. "అయితే ఆ తాగినవాడు..."

నేల అదిరింది. పోలయ్య ఏనుగుని తోలుకొచ్చాడు. వెనకనుంచి భటులు ఈటెలతో పొడుస్తున్నారు. ఏనుగు అవ్వముందు నిలబడి కాలెత్తింది, దించలేదు. కాలు గాలిలో వణుకుతోంది. కళ్లనుంచి ధారలు కారుతున్నాయి.

"తొక్కించరా!" అని సింహాసనంమీదినుంచి కేక.

పోలయ్య అంకుశం విసిరికొట్టి కిందికి దూకాడు. కుండలో మిగిలిన కషాయం చూపిస్తూ బావురుమన్నాడు. "మందులయ్యా, ఆ మిగిలింది ఈ మూగజీవానికి పోస్తా. కాస్త నిద్రొస్తే అవ్వని తొక్కకుండా పడుకుంటది!"

"పనిచేయదని చెప్పానా? ఎన్నిసార్లు చెప్పాలి? అది ఒక్క చండవిక్రముడికే..." మాచనకి ఓపిక నశించింది. "పొయ్యి! నీ ఇష్టం! నా మాట వినేవాళ్లెవరు ఈ రాజ్యంలో!"

ఏనుగు తొండంతో కుండ మొత్తం ఒక్క పీల్పులో ఖాళీ చేసింది. ఎత్తిన కాలు మెల్లగా పక్కకి దించింది. దాని కళ్లలో నీళ్లు ఆగిపోయాయి. కొండ కూలినట్టు కూలింది, గుర్రుపెట్టింది. మాచన నోరు తెరిచాడు. ఏనుగు చర్మం పొగలా విడిపోసాగింది. తొండం ముడుచుకుంది, దంతాలు కరిగాయి, చెవులు చిన్నవయ్యాయి. పొగ తేలిపోయేసరికి ఇసుకలో నిద్రపోతున్నది మాసిన గడ్డంతో, చిక్కిపోయిన ముఖంతో సాక్షాత్తూ చండవిక్రమ మహారాజు! ఆ ముఖంలో ఇప్పుడు దిగులు లేదు. తల్లి ఒడిలో పడుకున్న పసివాడి ముఖం అది.

"అయ్యో, అంకుశంతో పొడిచానే!" అని పోలయ్య లెంపలేసుకున్నాడు.

సభ కకావికలైంది. కింద ఒక రాజు, సింహాసనంమీద ఒక రాజు.

"చూశారా జనులారా!" అవ్వ గొలుసులు గలగలలాడిస్తూ అరిచింది. "గద్దెమీదున్నవాడు ఊర్ధ్వశిఖుడు! పోయినేడు మన రాజు దేశంనుంచి తరిమేసిన నల్లగుట్ట మాంత్రికుడు. మనిషిని ఏనుగుని చేసే విద్య వాడొక్కడికే తెలుసు! వేషం మార్చినవాడు నిద్రపోతే వేషం ఊడుతుంది. అందుకే వాడికి నిద్రలేదు! అందుకే మందెరిగిన వాళ్లనందరినీ చాటింపుతో రప్పించి జైల్లో తోశాడు!"

"మాయ!" అని గర్జించాడు సింహాసనంమీది రాజు. "ముసలిది మంత్రగత్తె. ఏనుగుని నా రూపానికి మార్చింది. నరకండి!"

ఎవరు రాజో తేలక భటులు తటపటాయించారు. విశాఖవర్మ అటూ ఇటూ చూసి, పరుగున వచ్చి ఇసుకలో మోకరిల్లాడు. "ప్రభూ, పట్టాభిషేకం నాడు నా చెవిలో తమరన్న మాట ఒకటుంది. అది చెప్పండి చాలు. సైన్యమంతా తమ వెనక నిలుస్తుంది."

"గుర్ర్..." అన్నాడు ప్రభువు.

పోలయ్య గబగబా కట్లు, గొలుసులు విప్పాడు. మాచన రాజు భుజాలు పట్టి కుదిపాడు. "లేవండి మహారాజా! ఒక్క మాట!" చెంపలు తట్టాడు. నీళ్లు కొట్టాడు. మిరియాలకోసం నడుము తడుముకున్నాడు. అవి మొసలి నోట్లో ఉన్నాయి.

"ఎంత వేరు వేశావురా?" అంది అవ్వ.

"మొత్తం వేశానే. మూడు జానలు."

"మొత్తమా!" అవ్వ నుదురు కొట్టుకుంది. "ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. మూడు రోజులదాకా పిడుగుపడ్డా లేవడురా ఈయన!"

విశాఖవర్మ నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. ముఖం పాలిపోయింది. "నన్ను క్షమించండి. శాసనం ప్రకారం మేలుకొని ఉన్న రాజు ఆజ్ఞే ఆజ్ఞ. పైగా..." అతను నిద్రపోతున్న రాజుని చూసి కళ్లు దించుకున్నాడు. "రాజు మేలుకొని ఉండగా నిద్రపోయినవాడు రాజద్రోహి."

"నీ శాసనం తగలెయ్య!" అని మాచన రాజుని భుజానికెత్తుకున్నాడు. పోలయ్య అవ్వని వీపునెక్కించుకున్నాడు. వెనకనుంచి బాణాలు రివ్వున వచ్చాయి. ఒకటి పందిరిగుంజకి దిగింది, ఒకటి మాచన చెవి గీరుకుపోయింది. పడమటి బురుజెక్కారు. ఎదుట దారి లేదు, కింద అగడ్త. వెనక్కి చూడకుండా నలుగురూ దూకారు.

మునిగి తేలి, తుంగపొదల్లోకి పాక్కుంటూ చేరారు. గొంతులోతు నీళ్లలో, తలలు మాత్రం పైకి పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. గట్టుమీద కాలిచప్పుళ్లు. సరిగ్గా వాళ్ల నెత్తిమీద అవి ఆగాయి. ఊర్ధ్వశిఖుడి గొంతు, ఇక రాజుగొంతులా నటించే ఓపిక లేనట్టు కర్కశంగా వినిపించింది: "ఇక్కడే ఉన్నారు. నిశ్శబ్దంగా ఉండండి. వినండి."

కప్పలు కూడా అరవడం మానేశాయి. మాచన భుజంమీద తల ఆనించుకున్న చండవిక్రమ మహారాజు, శత్రుకంఠకుఠారుడు, మత్తగజమర్దనుడు, హాయిగా ఒక నిట్టూర్పు విడిచి, ఊపిరి నిండా పీల్చుకుని, తుంగంతా కదిలేలా గురక మొదలుపెట్టాడు.

ఇరవయ్యొక్క రోజులుగా రాజ్యమంతా గుడిగుడికీ మొక్కుకున్న గురక అది. ఇప్పుడది ఆగాలని మొక్కుకుంటున్నవాళ్లు ఆ తుంగలో ఉన్న ముగ్గురే.